నలభై ఏడో నంబరు అన్నం

ఇండియా నుంచి బియ్యం ఎగుమతి ఆపేశారన్న కబురు టెక్సాస్‌లోని కాపెల్ ఊరికి ఒక గురువారం పొద్దున చేరింది. మర్నాడు సాయంత్రానికల్లా ఊళ్లో ఉన్న ఇండియన్ స్టోర్లలో సోనా మసూరీ పెట్టే అరలన్నీ బోసిపోయాయి. ఈలోపే పద్మిని ఆఫీసులో తలనొప్పి అని చెప్పి బయటపడింది. భర్త భీమశంకరాన్ని జూమ్ మీటింగులోంచి లేపింది. ఇద్దరూ రెండు కార్లేసుకుని వెళ్లి, చెరో లైన్లో ఒకరికొకరు తెలియనట్టు నిలబడి, "ఇంటికి ఒక్క బస్తా మాత్రమే" అని స్టోరువాళ్లు కాగితం అంటించేలోపల డిక్కీలు నింపుకుని ఇంటికి వచ్చేశారు.

మెట్ల కింద అల్మరాలో పట్టినన్ని పట్టాయి. మిగిలినవి డైనింగ్ రూమ్‌లో గోడవారగా పేర్చి, పైన పాత దుప్పటి కప్పింది పద్మిని. భీమశంకరం ఆ దుప్పటి మీద చెయ్యి వేసి, లోపల ఎవరో పడుకున్నట్టు మెల్లగా తట్టాడు.

"ఇంట్లో ఉండేది ఇద్దరం. నాకు షుగర్. నువ్వేమో రాత్రిళ్లు ఓట్స్ తింటావు. ఇదంతా ఎవరికి పద్మా?"

"తినకపోయినా ఇంట్లో బియ్యం ఉండాలండీ. అంతే."

నిజానికి దుప్పటి కింద బియ్యం ఉందన్న ధైర్యం ఆయనకీ బాగానే ఉంది. అది ఒప్పుకోవడం ఇష్టం లేక ఫొటో తీసి మరదలికి పంపాడు.

మరదలు శ్రీవిద్య వరి పరిశోధకురాలు. టెక్సాస్‌కి ఆ చివర, గల్ఫ్ తీరం దగ్గర ఒక పరిశోధన కేంద్రంలో కొత్త వరి రకాలు తయారు చేస్తుంది. అక్కాచెల్లెళ్లకి ఎనిమిదేళ్లు తేడా. శ్రీవిద్య పీహెచ్‌డీ చేసి, దేశదేశాల కాన్ఫరెన్సుల్లో మాట్లాడి, జుట్టు నెరిసి, ఇప్పుడు తన కింద పదిమందితో పని చేయిస్తున్నా, పద్మిని దృష్టిలో ఆ పిల్లకి సరిగా తిండి తినడం రాదు. ఫోన్ ఎత్తగానే మొదటి మాట ఎప్పుడూ "తిన్నావా?" అనే.

ఆ సాయంత్రం మాత్రం మొదటి మాట చెల్లెలిది అయింది.

"ఎన్ని కొన్నావక్కా?"

"ఏదో కొంచెం."

"బావగారు ఫొటో పంపారు."

పద్మిని భర్త వంక కొరకొరా చూసింది. ఆయన టీవీలో ఏదో ముఖ్యమైన వార్త వస్తున్నట్టు అటు తిరిగాడు.

"అందరూ కొంటున్నారే. త్రివేణి వాళ్లు నాకంటే ఎక్కువ కొన్నారు. నేను కొనకపోతే ఆగుతుందా?"

"ఆగదులే. కానీ ఒకటి చెప్పనా? ఈ వారమే నల్ల సముద్రంలో గోధుమల ఓడలు మళ్లీ ఆగిపోయాయి. ఇప్పుడు బియ్యం. ప్రపంచంలో దేశాలు దాటి అమ్ముడుపోయే బియ్యంలో పదింట నాలుగు గింజలు మన ఇండియావే. మనకి దొరక్కపోతే పాస్తా తింటాం, లేదంటే బాస్మతీ తింటాం. నాతో పనిచేసే అమ్మాయిది సెనెగల్. వాళ్లమ్మ రోజూ వండేది మన దగ్గర్నుంచి వెళ్లే నూకలే. పోయినేడు నూకలు ఆపారు, ఇప్పుడు బియ్యం ఆపారు. ఆ పిల్ల పొద్దున్నుంచీ ఫోన్ పట్టుకుని కూర్చుంది. వాళ్ల ఇంట్లో దుప్పటి కప్పడానికేమీ లేదక్కా."

పద్మిని గోడ వైపు చూసింది. గోడవార దుప్పటి ఇంట్లోకి చెప్పకుండా వచ్చిన చుట్టంలా కనిపించింది ఆ క్షణాన.

చెల్లెలే గొంతు తగ్గించింది. "నిన్ను తిట్టడానికి చేయలేదులే. నా నలభై ఏడు సంగతి గుర్తుందా నీకు?"

గుర్తు లేకపోవడమేమిటి? ఆరేళ్లుగా వింటోంది. సోనా మసూరీలా సన్నగా, పొట్టిగా, తేలిగ్గా ఉండే గింజ ఈ టెక్సాస్ నేలలో, ఈ ఎండలో, ఇక్కడి యంత్రాలకి తట్టుకుని పండాలని విద్య పట్టుదల. వందల మొక్కలు వేసి, తీసేసి, మళ్లీ వేసి, చివరికి మిగిలిన వరసకి పేరు కూడా లేదు, నలభై ఏడు అన్న నంబరు తప్ప. పిల్లలు లేని విద్య ఆ నంబరు పలికే తీరు విన్నప్పుడల్లా పద్మినికి గుండెలో ఏదో కదిలేది.

"అక్టోబర్‌లో మా కమిటీ మీటింగ్. ఏ రకాలకి విత్తనం పెంచాలో, ఏవి మూసేయాలో అప్పుడే తేలుస్తారు. నలభై ఏడు దిగుబడి బాగుంది. తెగులు లేదు. కానీ వాళ్లు అడిగేది ఒకటే, 'ఈ గింజ ఎవరు తింటారు?' అని. ఇక్కడి రైతులు వేసేది పొడుగు గింజ. తినేవాళ్లున్నారని నేను చూపించలేకపోతే విత్తనం ఫ్రీజర్‌లోకి పోతుంది. ఆరేళ్ల పని, అక్కా. మళ్లీ బయటికి రాదు."

"తినేవాళ్లు లేకపోవడమేమిటే? కాపెల్‌లో సగం ఊరు మనదే కదా!"

"అందుకే నీకు చేశాను. మీ ఇంట్లో రుచి పరీక్ష పెట్టుకోవచ్చా?"

*

సెప్టెంబర్‌లో ఒక శుక్రవారం సాయంత్రం శ్రీవిద్య అయిదు గంటలు డ్రైవ్ చేసుకుని వచ్చింది. చేతిసంచిలో చిన్న బియ్యం మూట. పోయినేడు పండిన నలభై ఏడులో తినడానికి మిగిలింది అదే. కారు వెనక సీట్లో ఒకే రకం రైస్ కుక్కర్లు మూడు, కొలత గ్లాసు, బరువు తూచే యంత్రం, రంగురంగుల స్టిక్కర్లు.

పద్మిని మూట విప్పి గుప్పెడు తీసి అరచేతిలో పోసుకుంది. సన్నటి గింజ, ఒక రవ్వ పాల రంగు. మసూరీ పక్కన పోస్తే తను కూడా విడదీయలేదు. చూడ్డానికి లక్షణంగా ఉందనుకుని తృప్తిపడింది.

మర్నాడు పొద్దున విద్య కాగితం కప్పులు కొనడానికి బయటికి వెళ్లింది. అప్పుడు పద్మినికి బుద్ధి నిలవలేదు. సాయంత్రం పదిమందీ తినబోయేదాన్ని ముందు తను చూడకపోతే ఎలా? సంబంధం చూడ్డానికి పెళ్లివారు వస్తుంటే పిల్లకి తలైనా దువ్వి చూసుకుంటాం కదా! మూటలోంచి ఒక చిన్న గ్లాసెడు తీసింది. ఇరవై అయిదేళ్లుగా రోజూ పోసే నీళ్లు పోసింది. ప్రెషర్ కుక్కర్ పెట్టింది. ఎప్పటిలాగే మూడు కూతలు రానిచ్చింది.

మూత తీసి చూస్తే లోపల అన్నం లేదు. గింజకి గింజ అంటుకుని, గరిటె పెడితే గరిటెతోపాటు మొత్తం పైకి లేచే తెల్లటి ముద్ద ఉంది.

పద్మిని మూత మళ్లీ పెట్టేసింది. ఆరేళ్లు! సాయంత్రం వచ్చేవాళ్లలో డాక్టర్ యజ్ఞనారాయణ గారున్నారు. పంతొమ్మిది వందల డెబ్భైల్లో అమెరికా వచ్చి, ప్రాక్టీసు చేసి రిటైరై, ఎవరింటికి భోజనానికెళ్లినా మొదట అన్నం మెతుకు వేళ్లతో నలిపి చూసి, ఆ తర్వాతే కూర సంగతి అడిగే మనిషి. ఆయన ఒక్కమాట అంటే ఊరంతా అదే మాట. ఈ ముద్ద ఆయన విస్తట్లో పడితే ఇక చెప్పేదేముంది?

సింక్ కింద చెత్త నలిపే గ్రైండర్ ఆన్ చేసి ఆ ముద్దని లోపలికి తోసేసింది. విద్య తిరిగొచ్చేసరికి కుక్కర్ తుడిచి బోర్లించి ఉంది.

"ఏమైందక్కా, అలా ఉన్నావు?"

"ఏం లేదే. ఎండ. కప్పులు దొరికాయా?"

*

సాయంత్రం ఇల్లు నిండింది. పక్కవీధి త్రివేణి, ఆమె భర్త జితేందర్, సుధ వాళ్లు, భీమశంకరం ఆఫీసు స్నేహితులు ముగ్గురు, అందరికంటే ముందు వచ్చి ఫ్యాన్ కింద కుర్చీ చూసుకున్న డాక్టర్ గారు.

శ్రీవిద్య పద్ధతంతా వివరించింది. మూడు రకాల అన్నం. ఎర్ర స్టిక్కర్ గిన్నె, నీలం గిన్నె, పచ్చ గిన్నె. ఒకటి ఇండియా సోనా మసూరీ, ఒకటి ఇక్కడ అమెరికన్ షాపుల్లో దొరికే బియ్యం, ఒకటి కొత్తది. ఏది ఏదో ఎవరికీ చెప్పరు. ఒక్కో కప్పులో రెండు చెంచాల ఉత్త అన్నం. మధ్యమధ్య మంచినీళ్లతో నోరు కడుక్కోవాలి. నచ్చిన రంగు చీటీ మీద రాసి డబ్బాలో వేయాలి.

అందరి తరఫునా డాక్టర్ గారు గొంతు సవరించుకున్నారు.

"అమ్మాయ్, ఉత్త అన్నం తిని ఏం చెప్పమంటావు? నేనేమన్నా పిచ్చుకనా?"

"నిజమే విద్యా," అంది త్రివేణి. "పప్పు లేదు, చారు లేదు, అన్నం మంచిగున్నదో లేదో ఎట్ల తెలుస్తది? పెరుగుల కలిపితేనే దాని గుణం బయటపడ్తది."

"చెంచాతో వద్దు మేడమ్," అన్నాడు జితేందర్. "చెయ్యి పెట్టాలె. చెయ్యికే తెలుస్తది, నోటికంటే ముందు."

"అది కాదండీ, పప్పులో ఉప్పు కారాలుంటాయి. బియ్యం రుచి కప్పబడిపోతుంది. రూల్ ప్రకారం ఉత్తదే తినాలి," అంది విద్య.

"ఆ రూల్ పెట్టినవాడు అన్నం తినేవాడేనా?" అన్నారు డాక్టర్ గారు.

అందరూ నవ్వారు. విద్య కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. కాసేపు వాదించి, మధ్యస్థంగా ఒప్పందానికొచ్చింది. మొదట ఉత్తది ఒక ముద్ద, తర్వాత అందరికీ ఒకే గిన్నెలోంచి కందిపప్పు, ఆఖర్న పెరుగు. చెంచాలు రద్దు. కాగితం కప్పులు కూడా రద్దు, విస్తరాకు ప్లేట్లు వచ్చాయి. అన్నం మాత్రం తన కొలత ప్రకారమే ఉడికిందని, మూడు కుక్కర్లకీ నీళ్లు తనే తూచి పోశానని చెప్పుకుంది.

"నేను పైన గదిలో ఉంటాను. ఇక్కడుంటే నా ముఖం చూసే కనిపెట్టేస్తారు. వడ్డన అక్క చూసుకుంటుంది. అయ్యాక పిలవండి," అని మెట్లెక్కి వెళ్లిపోయింది.

వంటింట్లో మూడు కుక్కర్లు, ఎదురుగా మూడు గిన్నెలు. కుక్కర్‌కి ఏ రంగు స్టిక్కర్ ఉందో ఆ రంగు గిన్నెలోకి అన్నం తీయడం ఒక్కటే పద్మిని పని. ఎర్రది నలభై ఏడు. నీలం సోనా మసూరీ. సాయంత్రం కుక్కర్లలో బియ్యం పోసింది తనే కాబట్టి ఆమెకి తెలుసు.

ఎర్ర కుక్కర్ మూత మీద చెయ్యి వేసి ఆగిపోయింది. పొద్దుటి ముద్ద కళ్లముందు మెదిలింది. హాల్లోంచి డాక్టర్ గారి గొంతు వినిపిస్తోంది. ఎవరింట్లోనో తిన్న అన్నం గురించి "గోడకి పోస్టర్లు అంటించుకోవచ్చు" అంటున్నారు. జనం పడీపడీ నవ్వుతున్నారు.

పైన గదిలో మంచం మీద చెల్లెలు గోళ్లు కొరుక్కుంటూ కూర్చుని ఉంటుందని పద్మినికి తెలుసు. పరీక్ష ఫలితాల రోజు ఎప్పుడూ అదే పని.

ఇంకేమీ ఆలోచించలేదు. సోనా మసూరీ అన్నం ఎర్ర గిన్నెలోకి తోడింది. నలభై ఏడు అన్నం నీలం గిన్నెలోకి. మసూరీకి పడే ఓట్లన్నీ ఇక ఎరుపు పేరున విద్యకే పడతాయి. తోడుతున్నంతసేపూ కళ్లు కిటికీ వైపే ఉన్నాయి, చెయ్యి చేసే పని తనకి తెలియనట్టు. నెయ్యి, పప్పు, పెరుగు హాల్లోకి చేర్చి, తను వెనక్కొచ్చి అప్పడాలు వేయించే నెపంతో పొయ్యి దగ్గరే నిలబడిపోయింది. ఒక్క మెతుకు కూడా నోట్లో వేసుకోలేదు.

*

చీటీలు లెక్కపెట్టే పని భీమశంకరానికి అప్పజెప్పారు. ఆయన ఎన్నికల అధికారిలా కళ్లద్దాలు సర్దుకుని ఒక్కోటీ విప్పి చదివాడు. నీలం. నీలం. ఎరుపు. నీలం. పచ్చ ఒక్కటి కూడా రాలేదు. మళ్లీ నీలం. సగం దాకా వచ్చేసరికే అందరికీ సంగతి అర్థమైపోయింది.

డాక్టర్ గారు పెరుగు కలిపిన ఆఖరి ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, తల ఆడించారు.

"నేను చెప్పలా? నీలం గిన్నె మన సోనా మసూరీయే. అందులో ఢోకా లేదు. వేళ్లకి అంటదు, విడిపోదు, పెరుగులో కలిపితే తెల్లగా ఒదిగింది. ఎన్ని పరిశోధనలు చెయ్యమ్మాయ్, మన మట్టిలో పండింది మన మట్టిలో పండిందే. ఆ ఎర్ర గిన్నెది కూడా తీసెయ్యాల్సిందేం కాదు, బాగానే ఉంది. కానీ పరాయిదని తెలిసిపోతోంది."

వంటింటి గుమ్మంలో అప్పడాల పళ్లెంతో నిలబడిపోయింది పద్మిని.

శ్రీవిద్య మెట్ల మీద ఆగి అంతా వింది. దిగి వచ్చి, "థాంక్యూ అండీ, అందరూ ఇంత ఓపిగ్గా..." అంది. ముఖాన నవ్వు ఉంది. ఎవరూ అడక్కుండానే గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది. ఓడిపోయినప్పుడు చిన్నప్పట్నుంచీ విద్య చేసే పని అదొక్కటే. ఏడవదు, అలగదు. వంటిల్లు శుభ్రం చేస్తుంది. పదో తరగతిలో ర్యాంకు తప్పిపోయిన రోజు తెల్లారేసరికి వాళ్లింట్లో ఇత్తడి సామానంతా మెరిసిపోతోంది.

ఇప్పుడు చెప్పకపోతే? చెల్లెలు రేపు వెళ్లిపోతుంది. కమిటీకి ఈ ఫలితమే చూపిస్తుంది, ఎందుకంటే అబద్ధం రాయడం దానికి రాదు. గెలిచిన గింజ ఓడిపోయిందని దాని చేతులతో అదే రాసి, ఫ్రీజర్‌లో పెట్టేస్తుంది. తన చేత్తో తను చేసిన పని వల్ల. ఇప్పుడు చెబితే? డాక్టర్ గారి ముందు, త్రివేణి ముందు, ఇంతమంది ముందు పరువు పోతుంది. చెల్లెలు జీవితంలో మళ్లీ నమ్మదు.

పద్మిని పళ్లెం బల్ల మీద పెట్టింది.

"డాక్టర్ గారూ, మీరు తిన్నది మన మట్టి కాదండీ. టెక్సాస్ మట్టి."

"అదేంటమ్మాయ్?"

"నీలం గిన్నెలో ఉన్నది విద్య బియ్యం. ఎర్ర దాంట్లోది మసూరీ. నేనే మార్చేశాను."

శ్రీవిద్య చేతిలో ఉన్న గిన్నె వంక చూసింది. నీలం స్టిక్కర్. అడుగున మిగిలిన మెతుకు ఒకటి తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపింది. వెలుతురులో పెట్టి చూసింది. నోట్లో వేసుకుంది. సాయంత్రమంతా ఆ గిన్నెల దగ్గరికి రాని మనిషి, ఒక్క మెతుకుకే గుర్తుపట్టింది.

"నాదే," అంది.

తర్వాత అక్క వైపు తిరిగింది. "ఎందుకు చేశావు?"

"నువ్వు గెలవాలనే."

"నేను గెలిచానక్కా! గెలిచినదాన్ని నువ్వు ఓడించావు!"

"నాకేం తెలుసే? పొద్దున నువ్వు లేనప్పుడు కొంచెం వండి చూశాను. ముద్దయిపోయింది. పోస్టర్లు అంటించుకోవచ్చు. ఇది తెచ్చి వీళ్లందరి ముందు పెడితే నిన్ను..."

"దేంట్లో వండావు?"

"కుక్కర్‌లో."

"ప్రెషర్ కుక్కర్‌లోనా? నీళ్లెన్ని పోశావు?"

"రోజూ పోసేవే."

విద్య కుర్చీలో కూలబడింది. "ఆరేళ్లు. పదిమంది మనుషులు. మూడు పొలాలు. రెండు తుఫాన్లు తట్టుకుంది నా గింజ. మా అక్క కుక్కర్ తట్టుకోలేకపోయింది."

భీమశంకరం వాతావరణం తేలికచేద్దామని మధ్యలోకి దిగాడు. "పరీక్షల్లో కాపీ కొట్టి పాసైనవాళ్లని చూశాను గానీ, కాపీ కొట్టి పక్కవాడిని పాస్ చేయించినదాన్ని నిన్నే చూశాను పద్మా."

"మీరు కాసేపు ఊరుకోండి."

"ఊరుకుంటాను. ఊరికే అన్నాను."

"ఈ ఫలితం చెల్లదు," అంది విద్య మెల్లగా, ఎవరితోనూ కాదు. "వడ్డించినవాళ్లకి తెలిసి మార్చారంటే నేనిది ఎక్కడా చూపించకూడదు. గెలిచినా చూపించకూడదు."

పద్మినికి కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ, లోపల ఎక్కడో అక్కతనం కూడా లేచింది.

"సరేనే, నాది తప్పే. వందసార్లు తప్పే. కానీ ఒకటి చెప్పు. ఈ బియ్యం రేపు షాపులోకొస్తే కొనేది ఎవరు? నేను. త్రివేణి. సుధ. మేమందరం వండేది కుక్కర్‌లోనే. నువ్వు తెచ్చిన గ్లాసుతో కొలిచి, తూకం వేసి ఎవరు వండుతారే పొద్దున్నే పిల్లల బాక్సుల హడావుడిలో? నేను పాడు చేసినట్టే అందరూ పాడు చేస్తారు. 'దరిద్రపు బియ్యం' అని బస్తా వాపసిస్తారు."

విద్య సాక్ష్యం కోసం త్రివేణి వైపు తిరిగింది.

"పద్మక్క చెప్పింది కరెక్టే," అంది త్రివేణి. "నేనైతే నాలుగు విజిల్స్ పెడ్త."

"నాలుగా?" అంది విద్య, భయంగా.

"మా అత్తమ్మున్నప్పుడు అయిదు."

డాక్టర్ గారు అంతవరకూ తన విస్తట్లో ఉన్న నాలుగు మెతుకుల్నే చూస్తూ కూర్చున్నారు. మన మట్టి అని అంతమందిలో అన్నాక వెనక్కి తీసుకోవడం ఆ వయసులో అంత సులభం కాదు. చివరికి తలెత్తారు.

"అమ్మాయ్ విద్యా, ఇంకా ఉందా ఆ బియ్యం?"

"ఇంకోసారి వండడానికి సరిపోతుందండీ. కానీ మీరు పనికిరారు. మీకందరికీ తెలిసిపోయింది."

"నేను తినడానికి అడుగుతున్నాను. పరీక్షకి కాదు."

ఆ మాటకి మొదట నవ్వింది విద్యే. నవ్వుతూ నవ్వుతూ చేతుల్లో ముఖం దాచుకుంది. అది నవ్వో ఏడుపో పద్మినికి అర్థం కాలేదు. దగ్గరికి వెళ్లడానికి ధైర్యం చాలలేదు.

మాట అందుకుంది త్రివేణి. "గిదేం పెద్ద పని? వచ్చే ఆదివారం మా ఇంట్ల పెడదాం. వీళ్లెవ్వరొద్దు. మా బతుకమ్మ గ్రూపుల చెప్తే ఇరవై ఇండ్లోళ్లు వస్తరు, ఒక్కరికి గీ ముచ్చట తెల్వదు. వడ్డన జితేందర్ చేస్తడు. ఆయనకు ఏ బియ్యమేదో ఇప్పటికీ తెల్వదు."

"తెల్వదు," అని ఒప్పుకున్నాడు జితేందర్.

"ఒక షరతు," అంది విద్య ముఖం మీంచి చేతులు తీసి. "మా అక్క వంటింట్లోకి రాకూడదు."

*

అందరూ వెళ్లాక భీమశంకరం ప్లేట్లు బయటపడేయడానికి వెళ్లాడు. పద్మిని ఒక కంచంలో నీలం గిన్నెలో మిగిలిన అన్నమంతా పెట్టి, పప్పు వేసి, నెయ్యి వేసి కలిపింది. చెల్లెలు సోఫాలో కాళ్లు ముడుచుకుని కూర్చుంది. సాయంత్రం నుంచీ ఏమీ తినలేదు.

కంచం ముందు పెడితే అటు తిరిగింది.

"నాతో మాట్లాడొద్దులే. తిను."

"నువ్వు తిన్నావా?"

లేదు. పద్మిని మొదటి ముద్ద తన నోట్లోనే పెట్టుకుంది. నమిలింది. ఆగింది. ఇంకో ముద్ద పెట్టుకుంది.

"ఎలా ఉంది?" విద్య ఇటు తిరక్కుండానే అడిగింది.

"ఏమోనే. నీకూ పెట్టాలంటే మనసొప్పడం లేదు."

విద్య కంచం లాక్కుంది. ఇద్దరూ అందులోనే తిన్నారు. మధ్యలో విద్య "పాకెట్ మీద ముందే అచ్చు వేయించాలి. కుక్కర్ వాడేవాళ్లకి నీళ్లెన్నో, కూతలెన్నో. నువ్వే చేసి చెప్పాలి, ఎంతకి ముద్దవుతుందో, ఎంతకి అవదో," అంది. ఆ మాటలో కోపం తాలూకు పొడితనం ఇంకా ఉంది. కానీ పని అప్పజెప్పిందంటే విద్య కోపం సగం పోయినట్టేనని పద్మినికి తెలుసు. మర్నాడు ఊరికి బయల్దేరే ముందు విద్య, దుప్పటి కింది బస్తాల్లో రెండు తప్ప మిగతావి లేనివాళ్లకి తిండి పంచే ఊరి ఫుడ్ బ్యాంక్‌కి ఇచ్చేసి రమ్మని కూడా చెప్పింది. భీమశంకరం మూడు ఉంచుకుందామని బేరమాడాడు.

*

ఆ తర్వాతి ఆదివారం త్రివేణి ఇంటి ముందు కారులో, ఏసీ వేసుకుని, అక్కాచెల్లెళ్లిద్దరూ కూర్చున్నారు. ఒకరికి ముఖం చూపించడానికి వీల్లేదు, ఒకరికి వంటింటి గుమ్మం తొక్కడానికి వీల్లేదు. లోపలికి వెళ్తున్న జనం వీళ్లని చూసి, "ఏంటి ఆంటీ, లోపలికి రారా?" అంటుంటే, "వస్తాం, ఫోన్ మాట్లాడుతున్నాం," అని పద్మిని ఫోన్ చెవికి పెట్టుకునేది. విద్య గోళ్లు కొరుక్కుంటుంటే చెయ్యి మీద ఒక్కటేసింది.

ఎంతసేపటికో త్రివేణి బయటికొచ్చి కారు అద్దం తట్టింది.

"లెక్కయింది. పచ్చ దాన్ని ఎవ్వరు ముట్టలే. మిగిలిన రెండు సగం సగం. ఒక్క చీటీ అటో ఇటో. కొంతమందైతే రెండు ఒక్కటే, మమ్మల్ని ఆడిస్తున్నరా అని కొట్లాటకొచ్చిన్రు."

విద్య చప్పున కారు తలుపు తీసి దిగింది. మళ్లీ ఎక్కింది. మళ్లీ దిగింది. కళ్లు మెరుస్తున్నాయి. "అక్కా, అదే! అదే కావాలి! మసూరీని మించక్కర్లేదు. తేడా తెలియకపోతే చాలు. ఒక దేశం ఓడలు ఆగినా తినేవాడి కంచంలో తేడా తెలియకూడదు. కమిటీకి ఇంతకంటే ఏం చూపించను?"

ఆమె త్రివేణిని కావలించుకుంది. జితేందర్ చీటీల డబ్బా తెచ్చి ఇస్తే దాన్నీ కావలించుకుంది.

పద్మిని మాత్రం కారులోంచి దిగి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, త్రివేణి ఇంటి వైపు నడవడం మొదలుపెట్టింది.

"ఎక్కడికక్కా?"

"సగమేనా?" అంది పద్మిని. "మిగతా సగం మంది ఎవరో ఒకసారి చూసొస్తాను."

శ్రీవిద్య పరిగెత్తుకెళ్లి అక్క చెయ్యి పట్టుకుంది. వదల్లేదు.